కోచ్ గారి ముంగిట్లో బోర్డు

అలబామాలో అదొక కాలేజీ ఊరు. శనివారం ఫుట్‌బాల్ జట్టు మళ్ళీ ఓడింది. ఆదివారం పొద్దున్నే పక్కింటి పెద్దావిడ పెకాన్ పై అనే తీపి వంటకం పట్టుకుని కోచ్ భార్యని పలకరించడానికి వచ్చింది.

"బాధపడకు అమ్మాయ్. జట్టు ఓడితే కోచ్ ముంగిట్లో 'ఈ ఇల్లు అమ్మబడును' అని బోర్డు పాతడం మావాళ్ళకి అలవాటే."

"తెలుసండీ."

"ఇదివరకు హ్యాస్కెల్ కోచ్‌గా ఉన్నప్పుడు వాటిని పీకి మోకాలికేసి విరిచేవాడు. ఆ తర్వాతొచ్చిన లోమాక్స్ పక్కన నిలబడి నవ్వుతూ ఫొటోలు దిగేవాడు. ఇద్దర్నీ తరిమేశారనుకో. మీ ఆయనే నయం, తలొంచుకుని పోతాడు."

"ఇంట్లోనూ అంతేనండీ. మాటే లేదు."

"అందుకే ఈసారి బోర్డు నేనే పీకి చెత్తలో పడేశా. ఫోన్ నంబరు కూడా రాశారు, సిగ్గులేని వెధవలు!"

"ఆ నంబరు నాదేనండీ. బోర్డు శుక్రవారం నేనే పెట్టించాను."

"అయ్యో! నిజంగానే అమ్మేస్తున్నావా?"

"కొనేవాళ్ళేరీ? అందరూ వేళాకోళం అనుకుంటున్నారు. ఫోన్ చేసినవాళ్ళు ఇల్లెంత అని అడగరు. జట్టులో ఆ టక్కర్ కుర్రాణ్ణి నిన్న ఎందుకు ఆడించలేదని తిడతారు."

"పాపం, నీకెంత కష్టమొచ్చిందే తల్లీ!"

కోచ్ భార్య ఆవిడ చేతిలోని వంటకం అందుకుంది.

"అది సరేగానీ అమ్మాయ్... ఇంతకీ వాణ్ణి ఎందుకు ఆడించలేదూ?"