మోటారు ఆపవద్దన్నాను

కరుణాకర్ గారి భార్య హెలెన్ అమ్మగారికి, పాస్టరు గారికి, లిఫ్టు సొసైటీ సభ్యులకు, ఈ పూట కూలి వదులుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం.

కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి వచ్చారు. మబ్బు పట్టింది. పట్టాలు కప్పి వచ్చినవాళ్లు ఉన్నారు, కప్పకుండా వచ్చినవాళ్లూ ఉన్నారు. మీరు ఆకాశం వైపు చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. కుదురుగా కూర్చునే రోజు కాదిది. అయినా కూర్చోక తప్పదు. కరుణాకర్ గారిని సమాధి చేసి వారం కాలేదు. రేపు పొద్దున ఇదే పంపుహౌసు ముందు, ఇదే షామియానా కింద సర్వసభ్య సమావేశం ఉంది. ఆయన గురించి ఇవాళే మాట్లాడుకోవాలి.

రేపటి సమావేశం దేని గురించో అందరికీ తెలుసు. సాగర్ కాలువ నుంచి మన పొలాలకు నీళ్లు తోడే ఈ లిఫ్టు రిపేర్ల కోసం ఏటా ఎకరానికి ఇంత అని వేసుకున్న డబ్బు బ్యాంకులో ఉంది. ఈ ఏడాది మిర్చికి ధర లేదు. పత్తి పురుగు పాలైంది. ఆ డబ్బు పంచుకుందామని తీర్మానం వచ్చింది. వద్దన్నది ఒక్క మనిషి. ఆ మనిషి ఇవాళ లేరు.

మిత్రులారా, నాకు ఉపన్యాసాలు రావు. చూసినవీ విన్నవీ చెబుతాను.

ఆయన ఇమ్మానియేలు తాత కొడుకు. తల్లిదండ్రులు మన చేలల్లోనే కాయలు కోశారు. ఆయన చదువుకుని ఆర్థిక శాఖలో చేరారు. రిటైరయ్యే దాకా రాష్ట్ర బడ్జెట్ పనే చేశారు. ఒక ఏడాది రాబడి తగ్గి లోటు పెరిగిందట. ముందు ముందు తీర్చాల్సిన అప్పుల కోసం పక్కన పెట్టిన నిధి ఒకటి ఉంది. దాన్ని తీసి ఆ ఏటి లోటు పూడుద్దామని పై అధికారి అన్నారట. వచ్చే ఐదేళ్ల సంగతి వచ్చేవాళ్లు చూసుకుంటారు కదండీ అన్నారట.

కరుణాకర్ గారు ఏమన్నారో తెలుసా? "సార్, మా ఊళ్లో మిరపకాయలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, వాళ్లు రాసిచ్చే బాండు మీద అప్పు తెస్తాం. తెచ్చిన రోజు పంట అమ్మినట్టే ఉంటుంది. బండి కొంటాం, పెళ్లి చేస్తాం. ధర పడిపోయాక గుర్తొస్తుంది, మేం అమ్మింది ఏమీ లేదని. ఇక్కడ మనం చేస్తున్నదీ అదే."

నిధి మిగిలిందా? మిగల్లేదు. ఆయన సీటు మాత్రం మారింది.

ఈ మాట ఆయన చెప్పినప్పుడు మేం నవ్వాం. నవ్వి తలలు దించుకున్నాం. బాండు డబ్బును పంట డబ్బని ఇంట్లో చెప్పనివాడు మనలో ఎవరు?

ఊరికి తిరిగొచ్చాక మనమే ఆయన్ని సొసైటీ అధ్యక్షుణ్ణి చేశాం. లిఫ్టు ప్రభుత్వం కట్టింది. రిపేర్లకు మాత్రం ఏ బడ్జెట్‌లోనూ డబ్బు రాలేదు. ఎందుకు రాదని అడిగితే, "కట్టేటప్పుడు రిబ్బను ఉంటుంది, రిపేరుకు ఉండదు" అన్నారు. అప్పుడే ఈ నిధి మొదలైంది. ప్రతి మీటింగులో ఆయనతో పోట్లాడే బుల్లయ్య ఊరుకుంటాడా? "ఏమయ్యా కరుణాకర్, రాష్ట్రాన్ని ఎండబెట్టింది చాలక మా మీద పడ్డావా" అన్నాడు. ఇంకోరోజు ఆయన రిటైర్మెంటు బకాయిలు ఇంకా రాలేదని తెలిసి, "నువ్వు కాపలా కాసిన ఖజానా నీకే పెట్టడం లేదే" అన్నాడు. ఆయనకు కోపం రాలేదు. "అందుకే బుల్లయ్యా, దీన్ని జాగ్రత్తగా చూసుకోమంటున్నాను" అన్నారు.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. జరిగింది కూడా చెప్పాలి. నారుమళ్ల రోజుల్లో పైపు అడుగున నీళ్లు పట్టి ఉంచే ఫుట్‌వాల్వ్ పోయి నీళ్లు ఆగిపోయాయి. నిధిలో డబ్బు ఉంది. ఆయన ఆఫీసు అలవాటు పోక మూడు కొటేషన్లు రావాలన్నారు. అవి వచ్చేలోగా బుల్లయ్య మిరప నారు మాడిపోయింది. మాడిన మొక్కలు పీక్కొచ్చి ఈ గుమ్మంలోనే పారేశాడు. అనాల్సినవన్నీ అన్నాడు. కరుణాకర్ గారు నిలబడి అంతా విన్నారు. తర్వాత కమిటీని కూర్చోబెట్టి, "దాచడం ఒక్కటే నేర్చుకున్నాను. అవసరం వచ్చినప్పుడు తీయడం నేర్చుకోలేదు" అన్నారు. ఆపరేటరు మాబు సాహెబ్ చెబితే ఆ రోజే ఖర్చు పెట్టేలా నిబంధన మార్చారు. మోటారు వైండింగు ఏ ఏటికి పోతుంది, పైపులు ఎన్నాళ్లు ఆగుతాయి, దానికి ఇప్పటి నుంచి ఎంత వేసుకోవాలి, అన్నీ రానున్న పదేళ్లకు లెక్కగట్టి మనకు చదివి వినిపించారు. సగం మంది కునికారు. రాష్ట్రానికి చేయలేకపోయిన పని మన లిఫ్టుకైనా చేద్దామనుకున్నారేమో. అడిగితే చెప్పే మనిషి కాదు.

సమాధి దగ్గర బుల్లయ్య నా పక్కనే ఉన్నాడు. రేపటి తీర్మానం మీద మొదటి సంతకం వాడిదే. మట్టి వేసి, చేతులు దులుపుకుని, "ఒరేయ్, ఇక మీటింగులో నేను ఎవరితో పోట్లాడాలిరా" అన్నాడు.

ఆయన పోయారు కాబట్టి డబ్బు ముట్టవద్దని నేను అడగను. చావును చూపించి ఓటు అడిగితే ఆయనకే గిట్టదు. ఇంట్లో తిండిగింజలు నిండుకున్నవాళ్లు ఇక్కడ ఉన్నారు. వాళ్ల అవసరం అబద్ధం కాదు. రేపు ఎవరి చెయ్యి వాళ్లు ఎత్తుకోండి.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఛాతీ నొప్పి వచ్చిన రోజు పొద్దున ఆయన ఇక్కడికి వచ్చారు. గోడకు చెవి పెట్టి, "మాబూ, బేరింగు చప్పుడు మారింది" అన్నారు. ఈ పంట వరకు గడిచిపోతుందిలే సార్ అన్నాడు మాబు సాహెబ్. గడుస్తుందో లేదో నాకు తెలియదు. మైకు మోతలో మీకు వినపడటం లేదు గానీ, మోటారు ఇప్పుడు కూడా నడుస్తోంది. సభ జరిగేంతసేపు ఆపనా అని మాబు సాహెబ్ ఇందాక అడిగాడు. ఆపవద్దన్నాను.

అందరూ లేవండి. బుల్లయ్యా, నువ్వూ లే. మైకు కట్టేస్తున్నాను. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడవద్దు. కరుణాకర్ గారిని తలుచుకుంటూ, ఆ చప్పుడు వినండి.