ఎవరి మనిషిని వాళ్లు

“చెప్పులు ఇడువు బాపూ.”

“చాయ్ బండి దాకనేరా. గిట్ల పోయి గట్లొస్త.”

“అయితే నేనూ వస్త. ఆగు, లాప్‌టాప్ సంకల పెట్టుకోని.”

“వద్దులే అయ్యా! చాయ్ వద్దు, గీయ్ వద్దు. కూసున్న. సాలా?”

సూరత్‌లో మరమగ్గాల వాడ; వీళ్ల మాటలో సాంచెలు. ఎనిమిదింటి షిఫ్టుకు ఇంకా కాస్త టైముంది. గుండెలో స్టెంటు పడి నెల తిరగని సోమలింగం మంచం మీద. తలుపుకు వీపు ఆనించి, ఒళ్లో ఫుట్‌బాల్ ఆట పెట్టుకుని కొడుకు సాయికుమార్. తన కాపలా మీద అతనికి మహా నమ్మకం.

“ఇయ్యాల ఎనిమిది గొట్టంగనే సాంచెల కాడ మనిషి నిలవడకుంటే, ఇంకొకన్ని పెట్టుకుంటనన్నడురా సేఠ్. ఇరవై ఏండ్ల జాగ.”

“నీ పానం కంటే ఎక్కువనా? మూడు నెలలు నిలవడొద్దన్నడు డాక్టర్. పన్నెండు గంటల షిఫ్టు బాపూ, సచ్చిపోతవ్!”

“మరెట్ల?”

“నీ జాగల నేను పోత అన్న గద రాత్రి. అమ్మనే, ముందు మీ బాపును పట్టుకో, గడప దాటనియ్యకు అని ఒట్టేయించుకున్నది. నేను అటు పోతే నువ్వు ఎనుకంగ ఉరుకుతవ్. లేకుంటే గీపాటికి సాంచెల మీద ఉందును.”

“నీ కాలేజి?”

“కాలేజి యాడికి పోదు. ఏంది, గట్ల సూస్తవ్?”

“ఏంలే. గా ఆటేందిరా?”

“బియెల్సా అని అర్జెంటీనా కోచ్ ఉన్నడు. ఆయన పద్ధతి ఈ గేమ్‌ల పెడుతున్న. మైదానమంత ఒక్కొక్కనికి ఒక్కొక్కడు. వాడు యాడికి పోతే వీడు ఆడికి. నీళ్లు తాగ పోయినా ఎంబడే ఉండాలె.”

“నీ లెక్క.”

“అచ్చం నా లెక్క. ఏయ్! ఎందుకు లేస్తున్నవ్?”

“ఒంటికి పోవద్దారా?”

“ఇప్పుడే కద పోయినవ్! తలుపు దగ్గరికి ఏస్కోకు.”

“థూ! కన్నతండ్రిని ఒంటికి గూడ పోనియ్యవు.”

“నువ్వు నన్నేమన్న తిట్టు. పోనియ్య.”

“ఇగో, వచ్చిన. మరి మీవోళ్లు గెలుస్తున్నరా?”

“ఒకటి–ఒకటి. ఫైనల్. ఆగు, మాట్లాడకు. వాళ్ల తొమ్మిది నంబరోడు ఏందో ఊకె పక్కకు ఉరుకుతున్నడు. బాల్ దిక్కే సూస్తలేడు.”

“నీవోడు?”

“వాని ఎంబడే.”

“మరి నడుమ జాగ ఖాళీ అయితలేదారా?”

“అయితే ఏంది, ఆడ ఒకన్ని ఎక్స్‌ట్రా పెట్టిన... అరే, వాడేడి? అరే, అరే! గోల్! సత్యానాశ్!”

“తొమ్మిది నంబరోడేనా?”

“కాదు! వాళ్ల డిఫెండర్. ఎనుకనుంచి ఉరికొచ్చిండు. వాన్ని ఎవ్వడు పట్టుకోలే.”

“ఎందుకు పట్టుకోలే?”

“వాడు గోల్ ఏస్తడని ఎవడనుకుంటడు? బాపూ... అమ్మ ఇంక రాలేదేంది?”

“వరాఛాల ఉండే మనూరి భాగ్యలక్ష్మి ఇంటికి పోయింది గద. చీరలకు రాళ్లంటించే పని దొరుకుతదేమోనని.”

“గింత పొద్దుగాలనా?”

“మెడికల్ దాక పోయొస్త. గోలీలు ఒడిసినయ్.”

“గోలీలు నిన్ననే తెచ్చిన. కూసో! బాపూ, నీకు చెమటలు పడుతున్నయ్. నొస్తుందా?”

“నొస్తలేదు.”

“నిజం చెప్పు. నాకు భయమైతుంది.”

“నొస్తలేదంటున్న గదరా!”

“మరి ఊకె గడియారం దిక్కు ఎందుకు సూస్తున్నవ్?”

ఎనిమిదయింది. సోమలింగం ఫోను మోగింది.

“నాకియ్యిరా అది.”

“బక్కయ్య కాక, నీ సాంచెల కాడికెల్లే. ఇద్దరం ఇందాం, స్పీకర్ల పెడుత. హలో కాకా?”

“సాయీ! మీ అమ్మ ఈడ మీ బాపు సాంచెల మీద నిలవడ్డదిరా!”

“ఏందీ?”

“ఆడోళ్లను సాంచెల మీద పెట్టుకోనని సేఠ్ ఎగిరిండు. సిరిసిల్లల పెండ్లి కాకముందు కెళ్లి నడిపిన, ఒక్క షిఫ్టు సూడుండ్రి అన్నది. ఇంకెవ్వడు దొరకలే, సరే అన్నడు. మీ బాపుకు చెప్పు, జాగ పోలే అని. ఫోన్ పెడుతున్న, చప్పుడుకు ఏం ఇనవడ్తలేదు.”

“బాపూ. నీకు ఎరికేనా?”

“ఎరికే.”

“ఎరికుండి గమ్మున కూసున్నవా? పన్నెండు గంటలు అమ్మ నిలవడుతదా? జరుగు, నేను పోయి ఆమెను ఇంటికి తోలుత.”

“కూసో.”

“నిన్ను కాపలా గాయమని నన్ను ఈడ కట్టేసి, ఆమె పోయి...”

“కూసోరా పిచ్చోడా. పొద్దటి సంది చెప్పులు తొడుగుడు, ఇడుసుడు, నాకేమన్న యావనా? నేను గడప దిక్కు నడిస్తేనే నీ కాళ్లు ఇంట్ల ఆగినయ్. ఒక్కపాలి సాంచె మీదికెక్కితే మళ్ల కాలేజి మొఖం సూడవని రాత్రంత ఏడ్చింది మీ అమ్మ. నిన్ను నాకు కాపలా పెట్టలే బిడ్డా. నన్నే నీకు పెట్టిపోయింది.”