వేటకెళ్లేవారి ఫోటోలు మాత్రమే

1982, వైశాఖం. జాలరిపేట సందు మొదట్లో ఒక ఫోటో స్టూడియో. యజమాని కొండలరావు; అతని భార్య పద్మావతికి అన్న గురునాథరావు, ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా, కొత్త బోర్డు చూసి నిలదీస్తున్నాడు.

"మళ్లీ చదువు బావా. నా కళ్లద్దాలు చెడ్డాయో, నీ బుర్ర చెడిందో తేలిపోవాలి."

"'ఇచ్చట వేటకు వెళ్లేవారి ఫోటోలు మాత్రమే తీయబడును.'"

"మాత్రమే! ఆ ముక్క ఎర్రరంగుతో రాయించావు కూడాను. పెళ్లిళ్లు?"

"చెరిపించేశాను."

"బారసాలలు? కుటుంబం ఫోటోలు?"

"అవీను."

"ఊళ్లో స్టీలు ప్లాంటు కడుతున్నారు. వాడవాడకీ కొత్త కాపురాలు దిగుతున్నాయి. బుద్ధున్నవాడు బోర్డు మీద ఇంకో నాలుగు రకాలు ఎక్కిస్తాడు. నువ్వు ఉన్నవి తుడిచేశావు. పోనీ ఒక్కటే పట్టుకున్నావు, ఎవర్ని పట్టుకున్నావయ్యా? సముద్రం మీద చేపలవేటకెళ్తూ, ఫోటో తీస్తే ఆయుష్షు తరిగిపోతుందని మొహం తిప్పుకునేవాళ్లని! అంతకంటే గుడి మెట్ల మీద ఎండుచేపలు అమ్ముకో."

"తిప్పుకోనీ."

"బోర్డు కట్టి ఇరవై రోజులైంది. ఎంతమంది వచ్చారు?"

"ఒకతను లోపలిదాకా వచ్చాడు."

"తీశావా?"

"మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు."

"శభాష్! మా చెల్లెలికి ఏం వండి పెడతావు, ఆ గ్లాసా? విను. మా ఆఫీసరు గారి కూతురి పెళ్లి ఎల్లుండి. ఫోటోలకి నీ పేరు చెప్పాను. ఆయన కారు ఈ వీధిలోంచే వెళ్తుంది. ఈ బోర్డు చూస్తే నిన్ను పందిట్లోకి రానిస్తాడా? సాయంత్రంలోగా మార్పిస్తావా, పద్మావతిని మా ఇంటికి తీసుకుపోనా?"

"ఒక్క మాట..."

"ఒక్కటే! అంతా ఒక్కటే నీకు. అసలెందుకీ పిచ్చి?"

"ఫాల్గుణంలో ఒకావిడ వచ్చింది. మొగుడి ఫోటో కావాలంది. తీసుకురా తీస్తాను అన్నాను. పడవ తిరిగి రాలేదు బాబూ అంది."

"అయితే?"

"నేను ఎప్పుడో తీసిన పెళ్లి ఫోటోలో వెనకాల వడ్డిస్తూ ఉన్నాడట. వెతికాను. పెద్దది చేశాను."

"దొరికాడా?"

"చెవి దొరికింది. కొంచెం భుజం. ఇరవై ఏళ్లు వాళ్ల వీధి మొదట్లోనే కూర్చున్నాను బావా."

"ఆహా! ఒక చెవి కోసం కొట్టు ముంచుకుంటున్నాడు! ఇలాంటివాళ్లు మా ఆఫీసుకి రోజూ వస్తారు. పోయినవాడి పేరు మీద సాయం కావాలి, దరఖాస్తుకి అంటించడానికి ఫోటో ఉండదు. వాళ్లందరి కోసం నువ్వు..."

"పొటోల బాబూ! ఉన్నావేటి?"

"రా దేముడమ్మా. బావా, ఆవిడే ఈవిడ."

"ఓహో! ఏమ్మా, నీ మొగుడి చెవి పుణ్యమా అని మా బావ..."

"ఓలమ్మ! ఈ బాబు ఇక్కడున్నారేటి? ఆపీసులో బాబు!"

"నేను... నీకు తెలుసా?"

"తెలకపోడమేటి. ఆ సెవి పొటో మీకే కదా సూపించేను. 'మొకం లేకపోతే మనిషి లేనట్టే' అని ఇసిరీసినారు."

"బావా, నువ్వా?"

"నువ్వుండు. అది నా మాట కాదమ్మా, రూలు. అందరికీ అలాగే..."

"ఎవల మాటైతే ఏటి బాబూ. పొటో తీత్తే ఆయుసు తగ్గిపోద్దని మా పేటలో అందరికీ బయ్యం. ఈ బాబు బోర్డు కట్టినా ఎవలూ గుమ్మం తొక్కనేదు. నానెల్లి మీరన్న మాట ఇంటింటికీ సెప్పేను."

"ఇంటింటికీనా?"

"ఒక్క ఇల్లు ఒగ్గనేదు. పొద్దున ఏట నుంచొచ్చి తానాలు సేసీసి, తెల్లసొక్కాలేసుకున్నారు. ఆపీసు బాబూ, కొంచెం గుమ్మం కాడ్నించి తప్పుకోండి. నలబై మంది నిల్సున్నారు, ఆళ్ల మొకాల మీద ఎండ పడతంది."