నెత్తిమీద నిలబడే మనిషి

తలుపు విరగ్గొడతావా ఏంటక్కా? ఇంట్లోనే ఉన్నాను. బతికే ఉన్నాను. గొంతు వినపడుతోందిగా? తలుపు మాత్రం తీయను.

అలా కేకలేస్తే పక్కింటావిడ బయటికొస్తుంది. అసలే మన సంగతులంటే చెవి కోసుకుంటుంది. ఆ మెట్టు మీద కూర్చుని విను.

తప్పంతా నీదని అననులే. కానీ మొదలుపెట్టింది నువ్వే. "పాఠ్యపుస్తకాలకి బొమ్మలు గీసేదానివి, ఒక్కటైనా టైముకిచ్చావా? పనులు గుర్తుచేసే యాప్ ఏదైనా పెట్టుకోవే. నీ పద్ధతికి సరిపడేది వెతుక్కో" అన్నావా లేదా? వెతికాను మరి.

మొదటిదాంట్లో పనులన్నీ రంగు చీటీలు. ఏ చీటీకి ఏ రంగో తేల్చుకునేసరికి పూట గడిచిపోయేది, కప్ప పేగులు మాత్రం గీసిన పాపాన పోలేదు. ఇంకోదాంట్లో, పని చేస్తే తెర మీద మొక్క పెరుగుతుందట. నా మొక్క రెండాకులేసి చచ్చింది. నవ్వకు! ఓహో, నవ్వట్లేదా.

ఆ తర్వాత దొరికింది ఇది. పెట్టుకోగానే అడిగింది: మీరెప్పుడు బాగా పనిచేస్తారు? పొద్దున్నేనా, ఒంటరిగానా, పాటలు వింటూనా... నేను నిజం నొక్కాను. "ఎవరో ఒకరు నెత్తిమీద నిలబడితేనే."

కాదా? చిన్నప్పుడు నువ్వు స్కేలు పట్టుకుని వెనక నిలబడితే తప్ప ఒక్క ఎక్కమైనా రాశానా? "రాశావా? ఏదీ, చూపించు!" ఆ గొంతు లేకపోతే నా చెయ్యి కదలదు.

దాంతో ముక్కూ మొహం తెలియని మనిషినొకణ్ణి తోడిచ్చింది. పేరు లేదు, ఫొటో బదులు గుడ్లగూబ బొమ్మ ఉంది. నా పనులన్నీ అతనికి కనపడతాయి. పూర్తయిన బొమ్మకి ఫొటో తీసి పెట్టాలి, అతను టిక్కు కొట్టాలి. అంతే. ఒప్పుకో అక్కా, జన్మలో ఇంత పని ఎప్పుడైనా చేశానా? కప్ప అయిపోయింది, గుండె అయిపోయింది, కన్ను అయిపోయింది. ఎడిటర్ గారు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు!

అతను కూడా పనులు రాయొచ్చు అందులో. మొదట "నీళ్లు తాగు" అని రాశాడు. తప్పేముంది? తాగాను. తర్వాత "జుట్టు ముడేసుకో, కళ్లలో పడుతోంది" అన్నాడు. ముడేసుకున్నాను.

ముడేసుకున్నాక గుర్తొచ్చింది. నేను పెట్టిన ఫొటోల్లో ఎక్కడా నేను లేను.

ఆ పూటంతా ఫోను బోర్లా పెట్టి కూర్చున్నాను. ఆ యాప్‌ని తీసి పారేద్దామనుకున్నాను. తీసేస్తే మళ్లీ గీత పడదే! అప్పుడేం చెయ్యను? వాదించక్కా నాతో! కాలేజీ డిబేట్ పోటీల్లో ఎదుటివాళ్ల నోరు మూయించి కప్పులు తెచ్చుకున్నదాన్ని. ఈసారి ఓడిపోవాలని ఉంది.

నిన్న "అక్కకి ఫోన్ చెయ్యి" అని నాకు నేనే రాసుకున్నాను. అతను దాన్ని జాబితాలోంచి కొట్టేశాడు. పొద్దున లేచేసరికి రెండు కొత్తవి. "ఇవాళ ఇంట్లోనే ఉండు." "అక్క వస్తుంది, తలుపు తీయకు."

నువ్వొస్తున్నట్టు నాకే తెలియదు కదక్కా!

ఇదిగో, నా చెయ్యి గడియ మీదే ఉంది. తీయాలనే ఉంది. కానీ ఒకరు చెప్పకుండా నేనేదీ చెయ్యలేను, ఆ సంగతి నీకంటే ఎవరికి తెలుసు? అతను రాసి చెప్తున్నాడు. నువ్వు నోటితో చెప్పు. "తీస్తావా, తన్నమంటావా" అని చిన్నప్పటిలా గదమాయించు. తీసేస్తాను. ఒట్టు.

ఏంటీ? ఏమన్నావ్?

"నీ ఇష్టం తల్లీ, బలవంతం చెయ్యను" అంటావా! ఎప్పుడు నేర్చుకున్నావ్ ఈ మర్యాద? పోయినసారి గొడవలో "నా మీద పెత్తనం చెయ్యకు" అని నేనే అరిచాను, నిజమే. ఆ మాటకి ఇప్పుడా విలువిచ్చేది?

నా ఇష్టమట. అదొకటుంటే వీటన్నిటి వెంట ఎందుకు పడతాను?

సరేలే. వెళ్లు. మెట్ల దగ్గర బల్బు పోయింది, గోడ పట్టుకుని దిగు. మార్చమని నాకెవరూ చెప్పలేదు.