భీమరాజుగారి మందు కొలత

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కొన్నేళ్లకి, గోదారి ఒడ్డున రత్నమాణిక్యమ్మగారి చెరుకుతోటలో అడవిపంది పడింది. రేపో మాపో గానుగ ఆడించాలి, సగం తోట అప్పుడే నేలమట్టమైంది. ఆ చుట్టుపక్కల తుపాకీ ఉన్నది ఒక్క భీమరాజుగారికే. పొద్దున్నే కబురంపితే వచ్చారు. వచ్చి, అరుగుమీద కూచుని, మజ్జిగ తాగి, తుపాకీ మూతిలో మందు పోస్తూ ఎదురుగా ఉన్న మనుషుల్ని చూశారు. నలుగురు కనబడితే ఆయనకి ఇక పంది గుర్తుండదు.

“కాల్చడంలో ఏముందండీ? అంతా మందు కొలతలో ఉంది. చిటికెడు తక్కువైతే గుండు మన కాళ్లముందే పడుద్ది, చిటికెడు ఎక్కువైతే తుపాకీ భుజాన్ని తన్ని గుండు ఎటో పోద్ది. అంచేత నేను చిటికెడు చిటికెడే పెంచుకుంటూ పోయి, కాలవ అవతల కొబ్బరిబొండాన్ని కొట్టాను.”

“నిజమేనండి, నేను చూశాను,” అన్నాడు పడవ నడిపే వెంకన్న.

అంతే, భీమరాజుగారికి ఊపొచ్చింది. ఇంకాస్త మందు పోసి కడ్డీతో దట్టించారు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? చిటికెడు కూడా మోటనిపించిందండీ నాకు. ఆవగింజల లెక్కన పోయడం మొదలెట్టాను. ఆనకట్టమీద నిలబడి యానాంలో దొరగారి నోట్లో చుట్ట ఆర్పేశాను. ఆయన మీసం కదల్లేదు!”

“ఆనకట్టమీంచి యానాం కనబడుద్దాండీ?” అన్నాడు పక్క చేను బుల్లబ్బాయి.

“యానాం కనబడదు. చుట్ట పొగ కనబడుద్ది.” ఇంకాస్త మందు పడింది. “ఇదేం చూశారు! మన్యంలో ఓ పులి. చర్మానికి చిల్లు పడకూడదని జమీందారుగారి మాట. మందు నలుసంత తగ్గించాను. గుండు వెళ్లింది, వెళ్లింది, పులి నెత్తి దగ్గర ఆగింది. ఆగి, ఠక్కుమని ఓ మొట్టికాయ వేసి కింద పడింది. పులి సిగ్గుతో చచ్చిపోయిందండీ!”

అంతలో చెరుకు గలగలమంది. పంది తోట చీల్చుకుని సూటిగా అరుగుమీదికే వస్తోంది. వెంకన్న ఇంట్లో దూరాడు, బుల్లబ్బాయి గాదె ఎక్కాడు. భీమరాజుగారి కాళ్లు కూడా అటే లాగాయి గానీ, గుమ్మంలో మాణిక్యమ్మగారు కదలకుండా నిలబడి చూస్తున్నారు. ఆవిడ చూస్తుండగా ఎలా పరిగెత్తడం? కళ్లు మూసుకుని పేల్చేశారు.

ఢాం! పెంకులు జారాయి, ఊరంతా కాకులు లేచాయి. పొగ విడేసరికి రాజుగారు గడ్డివాములో ఉన్నారు, పంది గోదాట్లో పడి అవతలి ఒడ్డుకి ఈదుతోంది.

రాజుగారు మీసంలో గడ్డి దులుపుకుంటూ లేచారు. “చూశారా? పాపం, చంపడమెందుకని, బెదిరేంతే కొలిచి పోశాను.”

మాణిక్యమ్మగారు వంగి, మజ్జిగ చెంబు పక్కనున్న సీసపు గుండు తీసి ఆయన చేతిలో పెట్టారు.

“కొలత దివ్యంగా ఉంది రాజుగారూ. ఈసారి గుండు కూడా తుపాకీలో వేసుకోండి.”