గొడుగు పట్టుకున్నవాడు

ఏమిటీ, ఏడుపొచ్చిందా సినిమా చూస్తే? రాదూ మరి, అంత అట్టహాసంగా తీశాక. ఇలా కూర్చో. ఆ పరాయిదేశం డాక్టరు నియంతకి ఎదురు నిలబడి ఖైదీని కాపాడాడన్నారు కదా, ఒట్టిదిరా అదంతా. ఆ డాక్టరుకి మన భాషలో మంచినీళ్లు అడగడం కూడా రాదు. దుబాసీ పక్కన లేకపోతే నోరు లేనట్టే. ఆ దుబాసీ ఎవరనుకున్నావ్? మీ తాత. మా బావ. సినిమాలో డాక్టరు వెనకాల గొడుగు పట్టుకుని ఒకడు నిలబడ్డాడే, వాడే. ఒక్క మాట లేదు వాడికి. మాటలతో బతికిన మనిషిని పట్టుకొచ్చి మూగవాణ్ణి చేశారు, వీళ్ల చేతులు పడిపోను.

మరి ఆ ఖైదీ ఎవరు? నవ్వకు, నేనే. అప్పుడింత బొజ్జ లేదులే. ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాణ్ణి. కరపత్రం వేశామని చావబాది ఆస్పత్రిలో పడేశారు. పెద్దాయన, అదే ఆ నియంత, స్వయంగా వార్డుకొచ్చాడు. అలాగే అనాలి అప్పుడు, పేరెత్తకూడదు. బూట్లు నా మంచం దగ్గర ఆగాయి. డాక్టరుతో, "వీడి సంగతి చూడు" అన్నాడు. అంటే ఏమిటో నీకు వేరే చెప్పాలా? జబ్బు చేసి పోయాడని డాక్టరు చేత కాగితం రాయిస్తే తన చేతికి మట్టంటదు. మీ తాత రెప్ప కూడా వెయ్యలేదురా. "ఈ కుర్రాణ్ణి జాగ్రత్తగా చూసుకోమంటున్నారు" అని డాక్టరుకి వాళ్ల భాషలో చెప్పేశాడు. ఆ పిచ్చిమారాజు మురిసిపోయి పెద్దాయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నాకు పదకొండు కుట్లు వేసి, ఇంకా పెద్దాస్పత్రికని సరిహద్దు అవతలికి పంపించేశాడు. నేను బతికింది అలాగ.

వారం తిరిగాక పెద్దాయన మళ్లీ వచ్చాడట. మంచం ఖాళీ. వార్డు ఊడ్చే ఆవిడ చెవులారా విని మీ నాయనమ్మకి చెప్పింది. "ఏం చెప్పావురా వాడికి?" అన్నాడట. "తమరన్నదేనండి. సంగతి చూడమన్నారు, చూశాడు" అన్నాడట మా బావ. అలా అనగలిగినవాడు ఒక్కడున్నాడా ఆ సినిమాలో? డాక్టరు మంచివాడే, కాదనను. ఇంటికెళ్లి పుస్తకం రాసుకున్నాడు. అందులో "మా దుబాసీ" అని ఒక్క ముక్క. వాడి పేరేమిటి, వాడేమయ్యాడు, ఎవడూ అడగలేదు. మండదా నాకు?

గొడుగట, గొడుగు. మీ ఇంట్లో అసలు గొడుగే ఉండేది కాదురా. ఆస్పత్రి గేటు దగ్గర పెద్దాయన మనుషులు మీ తాతని జీపెక్కించేటప్పుడు ఒకటే వాన. తడిసి ముద్దయిపోయాడట. తల తుడుచుకోమని మీ నాయనమ్మ తువ్వాలు పట్టుకుని పరిగెత్తింది. అప్పటికే జీపు...

సరేగానీ, నా కళ్లజోడు ఎక్కడ పెట్టావు?