దస్తీ కప్పిన స్క్రీన్

"తాతా, మా ఆఫీసుల చేసే సాఫ్ట్‌వేర్‌కు గీ స్క్రీన్ మొత్తం మారుస్తున్నం. బటన్లన్నీ కొత్త జాగల్లకు పోతయి. చూసి చెప్పు, మంచిగుందా?"

మంచిగనే ఉన్నది బిడ్డా... రంగులు గింగులు మస్తున్నయి. గని నన్నడిగితే నేనేం జెప్త? ఉత్త టైపు కొట్టెటోన్ని. శామీర్‌పేటల, కరీంనగర్ రోడ్డు మీద మొయిన్ భాయ్ జిరాక్స్ దుకాణం ఉండె గదా, గాడ భూమి కాగితాలు కొట్టేది నేను. నువ్వప్పటికి పుట్టలే... కాదు కాదు, పుట్టినవ్, అంగన్‌వాడీకి పోతుంటివి. చాయ్ మూడు రూపాయలు గప్పుడు.

నాది టైపు మిషన్ మీద నేర్చిన చెయ్యి. కన్ను చిత్తుకాగితం మీద, వేళ్లు కీబోర్డు బటన్ల మీద. స్క్రీన్ దిక్కు చూసుడే లేదు. అక్షరం లావు చెయ్యాలన్నా, ప్రింటు తియ్యాలన్నా రెండు బటన్లు కలిపి ఒత్తుడే, వేళ్లే పోతుండె.

ఒకనాడు కంప్యూటర్ బాగుచేసెటోడు వచ్చి కొత్త సాఫ్ట్‌వేర్ ఏసి పోయిండు. తెల్లారి చూస్తే ఏముంది, స్క్రీన్ పైన ఉండే పేర్ల వరసే లేదు. 'ఫైల్' అన్న మాటే లేదు! అన్నీ బొమ్మలు, ఓ మూలకు గుండ్రటి బిళ్ల. లాల్‌గడి మలక్‌పేట్ ఊరి నుంచి ఇద్దరన్నదమ్ములు భూమి కాగితానికి వచ్చి కూసున్నరు. కాగితం కొట్టుడైంది గని ప్రింటు ఎట్ల తియ్యాల్నో దొరుకుత లేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు బందయ్యే యాళ్లాయె. పేర్లు పోతే పాత బటన్లు గూడ పనిచెయ్యవనుకొని, నేను మౌస్ పట్టుకొని దేవులాడుతున్న. ఎదురుంగ కొత్త దుకాణం, గాడ పోరగాళ్లు జల్దీ కొడ్తరు. గా అన్నదమ్ములు అటు దిక్కే చూడవట్టిరి. ఇగ నా కుర్సీ పాయె అనుకున్న. భయమైంది, అబద్ధమెందుకు.

మొయిన్ భాయ్ చూసిండు, చూసిండు. లేచొచ్చి మెడల దస్తీ తీసి స్క్రీన్ మీద కప్పిండు. "ఎన్నడన్న గీ డబ్బా మొఖం చూసినవా నువ్వు? ఇయ్యాల ఎందుకు పరేషాన్? కాగితం చూడు, ప్రింటు కొట్టు" అన్నడు.

కొట్టిన. పాత తీర్గనే, వేళ్లు ఎట్లవోతె అట్ల. పక్కకు ప్రింటర్ గుర్రుమన్నది!

తర్వాత తెల్సిందేందంటే, స్క్రీన్ మీది పేర్లు తీసేసినా, కీబోర్డు మీద గా పాత బటన్లు మాత్రం పనిచేసెటట్లు ఉంచిన్రట. ఎవరో, ఏ దేశంల కూసున్నోళ్లో... మొఖమంత మార్చిన్రు గని, నాసొంటోని వేళ్లను యాదికుంచుకున్నరు. మొయిన్ భాయ్ ఇప్పుడు లేడు. గా దస్తీ యాడవోయిందో ఏమో.

మంచిగ మార్చు బిడ్డా, సల్లగుండు. గని పాత వేళ్లు పోయే తొవ్వ మాత్రం ముయ్యకు... ఇగ తాగు, చాయ్ సల్లారుతాంది.